రిలీవరు వచ్చేదాకా

— తాతా, నువ్వు సెప్పినట్టే ఎనిమిది మజ్జాన్నాలూ వచ్చి కూకున్నాను. ఇయ్యాలతో అయిపోనాయి. ఇంకైనా సెప్పు, ఈ పిండిమర నాకమ్ముతావా, అమ్మవా?

కూకో అమ్మీ, ముందు కూకో. నిలబడి అడిగీ మాట కాదది. ఆ ఫోనేటి అలగ బోర్లా ఎట్టినావు? రికార్డా? ఎందుకూ, రేపు నేను మాట మార్సీస్తానని గావాల! ఉంచు ఉంచు, తప్పునేదు. మీ తాత జాన్‌బాబూ అంతే, ఎవుడేటి సెప్పినా రిజిస్టర్లో ఎక్కితే గాని నమ్మీవాడు కాదు. ఆడూ నేనూ ఒకే రైల్వే కేబిన్లో సిగ్నలు లివర్లు లాగినోలం కదా, రాసుకోకపోతే మాకు నిద్రట్టదు.

అమ్ముతానా అమ్మనా అంటే... నీకు ముందర ముగ్గురొచ్చినారు ఈ మర కొంటానికి. నీకు తెల్దేమో. మొదటోడు ఇక్కడే మలంచా రోడ్డు మీద మొబైల్ కొట్టోడు. వచ్చీ రాగానే రోజుకెన్ని డబ్బాలొస్తాయి, కరెంటు బిల్లెంత, వెనకున్న రెండు గదులూ అద్దెకిచ్చీయొచ్చా, ఇవే ప్రశ్నలు. తప్పునేదు, అడగాల. ఇంకొకాయన నాలాగే రిటైరు మనిషి, కుర్సీలో కూకుని పేపరు సదువుకోడానికి ఓ సోటు కావాలంట ఆయనకి. మూడోడు బెంగాలీ బాబు, మంచోడే, నగదు తెచ్చినాను దాదా అని సంచి సూపించినాడు. సూపించి, ఆ నెత్తి మీది హెల్మెట్టు తీసి, అదిగో, ఆ బల్ల మీద ఎట్టినాడు. నాకు ఒళ్ళు మండిపోనాది. అమ్మను, ఎల్లు అన్నాను. ఆయన బిత్తరపోనాడు పాపం. ఎందుకన్నానో సెప్తాను. ముందు నేనీ మర ఎలగ కొన్నానో విను, అప్పుడు నీకే తెలుస్తాది.

అప్పటికి నాకు అరవై నిండినాయి. ముప్పయ్యారేళ్ళ సర్వీసు. ట్రాఫిక్ కాలనీలో కోటరు. ఆ కోటర్లోనే పెళ్ళి, పిల్లలు, అన్నీను. రిటైరైతే కోటరు ఒగ్గీయాల కదా. మీ సూరమ్మ మామ్మ రోజూ ఒకటే పాట: "ఎక్కడికెల్దాం, ఏ ఊరెల్దాం?" అని. ఊరంటే ఏటున్నాది మాకు? మా తాతగారు పార్వతీపురం కాడ నుంచి వచ్చినారంట, నేనైతే ఈ బెంగాలీ ఊళ్ళోనే రైల్వే ఆస్పత్రిలో పుట్టినాను. పార్వతీపురం ఎల్తే నన్ను సూసి, ఎవులు బాబూ నువ్వు అంటారు. అందుకని సెటిల్మెంటు డబ్బులొస్తే ఇక్కడే ఓ కొట్టూ, కొట్టుకి ఆనుకుని ఇల్లూ ఉన్నదేదైనా సూద్దాం అనుకున్నాం. అప్పుడు తెలిసినాది, మలంచాలో పిండిమర అమ్ముతున్నారని. ఇదే.

ఈ మర పైడయ్యగారిది. రైల్వేలో పట్టాలు మార్సీ పాయింట్‌మేన్ సేసి రిటైరైనాడు, నాకంటే పదేళ్ళు పెద్ద. మొగమెరుగుదును గాని మాటల్నేవు. బొబ్బిలోరు. ఆయన సచ్చిపోయి నెలన్నరైందేమో, ఇంటావిడ దాలమ్మ ఒక్కర్తీ ఉన్నాది. మర అమ్మీసి ట్రాఫిక్‌లో తమ్ముడి కోటరుకి ఎలిపోతాదంట. నేనొచ్చినాను. మర సూసినాను, మోటారేసి సూసినాను, రాళ్ళు బావున్నాయి. వెనక రెండు గదులు, నుయ్యి కూడా ఉండీది అప్పుడు. ఇంకేటి కావాల! ఎంతమ్మా అన్నాను.

ఆవిడ ధర సెప్పనేదు. నన్ను అలగే సూసి, "బాబూ, మూడు మాటలడుగుతాను, సెప్తావా?" అన్నాది. అడుగు అన్నాను. "ఒకరి గింజ ఒకరి పిండిలో కలవకుండా కాయగలవా?" కాస్తానన్నాను. "తప్పు నీది కాపోయినా తిడతారు, పడగలవా?" పడతానన్నాను. "మజ్జాన్నం పూట, మనిషి రాని యాళ, ఒక్కడివీ కూకోగలవా?" ఓసోసి, కేబిన్లో ముప్పయ్యారేళ్ళు ఒక్కడినే కూకున్నాను తల్లీ, నన్నేటడుగుతావు అని నవ్వినాను. ఆవిడ నవ్వనేదు. "అయితే ఎనిమిది మజ్జాన్నాలు వచ్చి ఊరికే కూకో. ఏటీ ముట్టుకోకు. నీ ఒంటికి నచ్చితే అప్పుడు ధర మాటాడదాం" అన్నాది.

సూడమ్మీ, అప్పుడు నాకు కళ్ళు నెత్తి మీదున్నాయి. కేబిన్ మనిషినంటే ఏటనుకున్నావు! నేను లివరు లాగితే గాని బొంబాయి మెయిలు కదిలీది కాదు. అలాటోడిని పట్టుకుని పిండిమరలో ఊరికే కూకోమంటాదా ఈవిడ? ఒక్కరోజు వచ్చి కూకున్నాను. గంట సేపు. ఈగలు తోలుకున్నాను. రెండోరోజు అడ్వాన్సు పట్టుకెల్లి ఆవిడ సేతిలో ఎట్టీసినాను. కోటరు ఖాళీ సెయ్యమని కాయితం వచ్చీసినాదమ్మా, నాకు ఎనిమిది రోజులు కుదరవు అన్నాను. అబద్ధం. ఇంకా రెండు నెల్లున్నాది గడువు. ఆవిడ డబ్బందుకుని, "నీ ఇష్టం బాబూ. సెప్పడం నా వంతు" అనీసి ఊరుకున్నాది.

దిగితే గాని లోతు తెల్దంటారు. దిగినాను.

కొబ్బరికాయ కొట్టి, పసుపు రాసి, మొదలెట్టినాం. పొద్దున్నంతా బావున్నాది. వర్క్‌షాపు సైరను కూసినాక మోటారు ఆపీసి, లోపలికెల్లి కూడు తిని, రెండింటికొచ్చి మళ్ళా తీసినాను. ఎవరో దీదీ గోదుముల డబ్బా తెచ్చింది. తొట్లో పోసి మోటారేసినాను. గుడ్డగొట్టం లోంచి పిండొచ్చింది. మొదటి దోసెడు నల్లగా, కాదు కాదు, నల్లగా కాదు, ఎర్రమన్ను కలిసిన బూడిద ఉంటాది సూడు, అలగ. వాసన సూసినాను. సోడిపిండి. సోళ్ళు అమ్మీ, మీ క్రిష్ణా అటేపోళ్ళు రాగులంటారు, ఒరియావోలు మండియా అంటారు. గోదుములు పోస్తే సోడిపిండి రావడమేటి! పాతది రాళ్ళలో ఉండిపోయిందేమోలే అని ఆ దోసెడు పక్కకి తీసి, మిగతాది ఇచ్చీసినాను.

మర్నాడు పొద్దున్న ఏటీ నేదు. మజ్జాన్నం రెండింటికి మళ్ళా అదే, మొదటి దోసెడు సోడిపిండి. మూడో రోజూ అదే. నేను ఊరుకుంటానా? వర్క్‌షాపులో ఫిట్టరు ఒకడుంటే తెచ్చి రాళ్ళు విప్పించినాను. బ్రష్షెట్టి కడిగినాం, ఎండలో ఎట్టినాం, బిగించినాం. నా కళ్ళతో సూసినాను, రాయి అద్దంలా ఉన్నాది. పొద్దున్నంతా గోదుములే ఆడించినాను. సైరను కూసినాది, ఆపినాను, తాళమేసినాను. రెండింటికి తీసి మోటారేస్తే... సోడిపిండి. నేను తాళమేసుకుని లోపల కూడు తింటన్నప్పుడు ఎవులో ఇక్కడ సోళ్ళు ఆడించుకుని ఎలిపోనట్టు.

తరవాత బల్ల సంగతి. ఆ బల్ల పైడయ్యగారిది. టేకు సెక్క, పొట్టి కాళ్ళు. నేను కూకునీవాడిని దాని మీద. మజ్జాన్నం కూడు తిని వచ్చి కూకుంటే వెచ్చగా ఉండీది. ఎండకనుకున్నాను. ఎండ ఇటు రాదు కదా, సూడు, అప్పుడూ రాదు. పుష్యమాసంలో, సిమెంటు నేల మీద కాలెడితే జివ్వుమనీ రోజుల్లో కూడా, బల్ల మాత్రం వెచ్చన. ఎవులో అప్పుడే లేచి ఎల్లినట్టు. నేనెవులికీ సెప్పనేదు. మొగాడిని కదా, బల్ల వెచ్చగా ఉన్నాదని భయమేస్తన్నాదంటే నవ్వరూ?

ఇదంతా ఒకెత్తు. ఒకరోజు కొత్తావిడొచ్చింది. మలంచాలో కొత్తగా అద్దెకి దిగినారంట, మన మరకి ఎప్పుడూ రానేదు. నాలుగింటికి వచ్చి, "దాదా, నా డబ్బా అయినాదా?" అన్నాది. ఏ డబ్బా అమ్మా అంటే, "మజ్జాన్నం ఎట్టెల్లినాను కదా, లోపల ఇంకో దాదా నాలుగింటికి రమ్మన్నాడు" అన్నాది. సూస్తే నిజంగానే వరసలో ఆఖర్న కొత్త డబ్బా ఉన్నాది. తాళమేసిన కొట్లోకి ఎలగొచ్చింది ఆ డబ్బా? ఎలగుంటాడమ్మా ఆ దాదా అన్నాను. "ముసలాయన. ఆకుపచ్చ గుడ్డతో రాయి తుడుస్తన్నాడు" అన్నాది.

ఆకుపచ్చ గుడ్డంటే పైడయ్యగారి జెండా అమ్మీ. పాయింట్‌మేన్ జెండా. రిటైరైనాక దాన్ని పిండి తుడుసుకోడానికి వాడీవాడంట. నేనొచ్చీసరికి ఆ మేకుకే వేలాడతన్నాది, నేనూ దాంతోనే తుడిసీవాడిని. ఆవిడలా అన్నాదో నేదో, సేతిలో ఉన్న గుడ్డ అక్కడే ఒగ్గీసినాను.

గిరాకీ పడిపోనాది. ఎందుకు పడిపోదు? "దాదా, ఆటాలో ఈ కాలో కాలో కీ గో?" అని, పిండిలో ఈ నల్లనల్లగా ఏటని, ఒకావిడ రొట్టె తెచ్చి నా మొగం మీద ఎట్టినాది. మచ్చలు మచ్చలుగా రొట్టె. దాలమ్మ ముందే అడగనేదా, తప్పు నీది కాపోయినా పడతావా అని? పడతానన్న నోరు కదా! పడనేకపోనాను. తగూలాడినాను. తగూలాడితే ఇంకో పది డబ్బాలు పక్క మరకి ఎలిపోనాయి. సెటిల్మెంటంతా ఇందులో పోసీసినాను, కోటరు ఒగ్గీసినాను, మర మూత పడితే ఇల్లూ పోతాది, కూడూ పోతాది. సూరమ్మ నన్నొక్క మాటననేదు. అంటే బావుణ్ణు. తెల్లారగట్ల నూకాలమ్మకి కోడిని మొక్కుకున్నాది. మీ తాత జాన్‌బాబు బైబిలట్టుకుని వచ్చి, కొట్లో మోకాళ్ళేసి అరగంట ప్రార్థన సేసినాడు. లేసేసరికి ఆడి నల్ల పేంటు మోకాళ్ళ కాడ తెల్లగా అయిపోనాది. సోడిపిండి మాత్రం ఆగనేదు. "మీ నూకాలమ్మా మా ప్రభువూ కలిసి కూడా ఆపనేకపోనారంటే, ఇది మన డిపార్టుమెంటు పనిరా సింహాచెలం" అన్నాడు. ఎకసెక్కానికే అన్నాడు. అదే నిజమైనాది.

ఇంక తిన్నగా దాలమ్మ కాడికెల్లినాను, ట్రాఫిక్‌కి. తమ్ముడి కోటరు అరుగు మీద కూకుని సేటలో బియ్యం సెరుగుతున్నాది. సెప్పినాను అంతా. సేట ఆగనేదు. అంతా విని, "ఆయనింకా దిగనేదన్న మాట" అన్నాది. బియ్యంలో రాయొకటి ఏరి పారేసినాది. తరవాత సెప్పినాది. ఆఖరి రోజు ఆయనకి జొరం. మజ్జాన్నం సైరను కూసినాక, లేచి రావయ్యా, పడుకో అని పిలిసిందంట. ఆయన ఆ బల్ల మీద కూకుని, "రిలీవరు రాకుండా ఎలగ దిగుతానే?" అన్నాడంట. జొరంలో మాటాడతన్నాడులే అనుకున్నాది. గంజి కాసి తెచ్చీసరికి అలగే గోడకి ఆనుకుని ఉన్నాడు.

"అందుకే ఎనిమిది రోజులు కూకోమన్నాను బాబూ. నువ్వు కొట్టు నా కాడ కొన్నావు. ఆయన కాడ ఛార్జీ తీసుకోనేదు" అన్నాది.

అమ్మీ, ఆ మాట ఇంకెవులికైనా సెప్తే వెర్రి అంటారు. నాకైతే సెప్పుతో కొట్టినట్టైనాది. రైల్వేలో డ్యూటీ అంటే ఏటనుకున్నావు? ఎనిమిది గంటలైపోయింది కదా అని దిగిపోకూడదు. నీ జాగాలోకి వచ్చీవోడు, అదే రిలీవరు, రావాల. ఏ లైన్లో ఏ బండున్నాది, ఏ లివరు పట్టేస్తన్నాది, దిగీవోడు సెప్పాల, ఎక్కీవోడు నోరు మూసుకుని వినాల. విని, సంతకమెట్టి, "నువ్వు దిగు, నేనెక్కినాను" అనాల. అప్పుడు దిగాల. అది ఛార్జీ. ఇప్పుడు కేబిన్లే నేవు, ఎక్కడో గదిలో కూకుని కంప్యూటర్లో నొక్కుతారంట.

నాకు రిలీవరు రాని రోజొకటున్నాది. మీ ఇంట్లో సెప్పే ఉంటారు. మా అమ్మకి బాగోనేదు. అయిపోతన్నాదని కబురొచ్చింది కేబిన్‌కి. నా డ్యూటీ అయిపోయి రెండు గంటలైనాది, రిలీవరు రానేదు. బండి మీద బండి. కిటికీ లోంచి సూస్తే మా కోటరు రేకు కనపడతాది. అంత దగ్గర. దిగనేను. లివరు లాగుతన్నాను, ఏడుస్తన్నాను. అప్పుడు మెట్ల మీద బూట్ల సప్పుడు. మీ తాత. ఆడిది ఆ రోజు సెలవు. ఆదోరం, సర్చి నుంచి ఇస్త్రీ బట్టల్తో వచ్చీసినాడు, ఎవులో సెప్తే. రిజిస్టరు నా సేతిలోంచి లాక్కుని, "నువ్వు దిగరా, నేనెక్కినాను" అన్నాడు. పరిగెట్టినాను. అమ్మకి కళ్ళు తెరిసున్నాయి. నన్ను సూసినాది. నీళ్ళు పోసినాను నోట్లో. ఆ నీళ్ళు మీ తాత పోయించిన నీళ్ళమ్మీ. నేనది మర్సిపోను.

అలాటోడిని, ఛార్జీ తీసుకోకుండా ఒకడి జాగాలో కూకున్నాను. ఆయన బల్ల మీదే. తప్పు నాదా ఆయనదా?

మర్నాటి నుంచి సైరను కూసినాక లోపలికెల్లనేదు. తలుపు దగ్గరికేసి ఇక్కడే కూకున్నాను. బల్ల మీద కాదు, నేల మీద. మోటారు ఆపీసి. ఒకరోజు ఏటీ నేదు, ఎలకలు సప్పుడు. రెండోరోజూ అంతే, నిద్దరొచ్చింది. మూడోరోజు సూద్దును కదా, మోటారు ఆగున్నాది, బెల్టు కదల్టంనేదు, గుడ్డగొట్టం మాత్రం ఊపిరి పీల్సినట్టు మెల్లగా ఉబ్బినాది. ఉబ్బి, అణిగిపోనాది. నేను గోడకి అతుక్కుపోనాను. లేచి పారిపోదునే. పారిపోతే ఇంకెక్కడికెల్తాను? ఇల్లు కూడా ఇదే కదా.

నాలుగోరోజు బెల్టు కాడ టక్కుమని సప్పుడు. కాసేపటికి మళ్ళా టక్కు. ఎల్లి సూస్తే బెల్టు అతుకు కాడ కుట్టు ఊడిపోతన్నాది, రెండు దారాల మీద ఉన్నాది. అది తిరుగుతా తెగితే ఎదరున్న మనిషి కన్ను పోతాది అమ్మీ. అప్పుడర్థమైనాది నాకు. భయపెట్టడం కాదు, ఛార్జీ ఇస్తన్నాడు. దిగీవోడు సెప్తన్నాడు, నేనే ఇన్నాళ్ళూ విననేదు. ఇంక భయం పోనాది. అంటే, పోనేదు గాని, కూకోడానికి సరిపోయినంత పోనాది.

అయిదు, ఆరు, ఏడు. ఒక్కో రోజు ఒక్కోటి. అన్నీ సెప్పను, నీకెందుకు. ఎనిమిదోరోజు మేకుకి తగిలించిన జెండాగుడ్డ కింద పడున్నాది. గాలినేదు. బల్ల కింద ఓ రేకు డబ్బా ఉండీది, దాని మీద పడున్నాది. ఆ డబ్బా సంగతి సెప్పాలా? నేను కొన్నప్పట్నుంచీ అది బల్ల కిందే. తూకం రాళ్ళు ఎట్టుకునీదేమో అనుకుని, రెండు నెల్లుగా దాని మీద కాళ్ళెట్టుకుని కూకుంటన్నాను! కొన్న మనిషిని, కింద ఏటున్నాదో వంగి సూడనేదు. మూత తీస్తే సోళ్ళు. సగం డబ్బా. మిగతా సగం ఆయన ఆడిస్తూ ఆడిస్తూ ఆగిపోనాడు. తరవాత తెలిసినాది, ఆ రోజు జొరం నోటికి అంబలి తాగుతానని దాలమ్మ చేత సోళ్ళు తెప్పించుకున్నాడంట.

ఆ సోళ్ళు తొట్లో పోసి ఆడించినాను. మజ్జాన్నమే. పిండి గుడ్డలో కట్టి ట్రాఫిక్ ఎల్లి దాలమ్మ సేతిలో ఎట్టినాను. ఆవిడ అప్పుడేడిసినాది. మొగుడు పోయినప్పుడు ఏడవనేదంట. అంబలి కాసి, గ్లాసుతో గుమ్మం బయట ఎట్టినాది. నేను తిరిగొచ్చి, ఆ బల్ల ఎదర నిలబడి, "పైడయ్యగారూ, బెల్టు కుట్టించినాను, సోళ్ళు అప్పజెప్పినాను, డబ్బాలు వరసలో ఉన్నాయి. మీరు దిగండి, నేనెక్కినాను" అన్నాను. కేబిన్లో ఎలగంటామో అలగే. అని బల్ల మీద సెయ్యేసినాను.

సల్లగా ఉన్నాది అమ్మీ. ఎండాకాలం మొదలైంది అప్పటికి, అయినా నుయ్యి గట్టులాగ సల్లగా. మళ్ళా ఏనాడూ సోడిపిండి రానేదు.

తరవాత మర నిలబడింది, మీరందరూ ఈ పిండే తిన్నారు. నాకు కళ్ళు మసకేసినాక సూరమ్మే కూకునీది బల్ల మీద. నాకంటే బాగా సేసింది. కేజీ ఆడిస్తే రూపాయి కూడా నిండా రాని రోజుల్నుంచీ, అంబాసిడర్లు పోయి ఈ బ్యాటరీ టోటో రిక్షాలొచ్చిన దాకా. ఏ డబ్బా ఎవులిదో కళ్ళు మూసుకుని సెప్పీది.

పోయినేడు... నీళ్ళిలా ఇయ్యి.

పోయినేడు ఓ మజ్జాన్నం. సైరను కూసినాది. నేను బయట ప్లాస్టిక్ కుర్సీలో ఉన్నాను. లోపల్నించి పిలిసింది, "ఏటయ్యా, వస్తన్నావా? ఓ గడియ ఇక్కడ కూకుంటే నేనెల్లి నీకు కూడెడతాను" అన్నాది. వస్తన్నా అన్నాను. అని నిద్రోయినాను. నేనమ్మీ! రిలీవరు రాక ఏడిసిన మనిషిని, పైడయ్యగారికి రిలీవరై నిలబడిన మనిషిని, నా పెళ్ళానికి రిలీవర్ని, కుర్సీలో నిద్రోయినాను. మెలకువొచ్చి ఎల్లీసరికి గోడకి ఆనుకుని ఉన్నాది. డాక్టరు గుండె అన్నాడు. గుండె కావొచ్చు. నేను టైముకి ఎల్లనేదు, అదీ నిజమే.

అప్పట్నుంచి నేనా బల్ల మీద కూకోనేదు. వారానికి రెండ్రోజులు నిలబడే ఆడిస్తాను. ఇప్పుడు సెప్పు. ఎనిమిది రోజులూ ఇంత గోనెసంచి ఎట్టుకుని నేల మీదెందుకు కూకున్నావు? బల్ల ఖాళీగానే ఉన్నాది కదా? నేను కూకోవద్దననేదు.

— మొదటి రోజు కూకుందామని సెయ్యేసినాను తాతా. వెచ్చగా ఉన్నాది. నువ్వే ఇప్పుడు లేచినావనుకున్నాను. రోజూ అలగే ఉన్నాది. ఎవరి జాగాయో, ఎందుకులే అని...

ఊఁ.

ముందొచ్చిన ముగ్గురికీ తెలీనేదది. ఎనిమిది రోజులు కూకోమంటే మొదటిద్దరూ కూకోనేదు. నువ్వు కూకున్నావు. నీ డబ్బు ఎనిమిదేళ్ళు బట్టలకొట్లో నిలబడి దాసుకున్నదని నాకు తెలుసు, అది పోతే నీకు ఇంకోటి నేదనీ తెలుసు. పిండి దుమ్ముకి నీకు దగ్గు రానేదు, సూసినాను. మొన్న ఆ మాస్టారి పెళ్ళాం నీ మీద అరిసినప్పుడు నువ్వు తగూలాడనేదు, అదీ సూసినాను. నీకు మర నడపడానికి ఏ లోటూ నేదు. లోటు నా కాడున్నాది.

సెప్తాను విను, రికార్డైనా ఫరవానేదు. నేనెప్పుడో మా సూరమ్మని దింపొచ్చు. ఆ మాట నాకు రాదా? రోజూ సైరను కూసినాక వచ్చి బల్ల మీద సెయ్యేసుకుని నిలబడతాను. వెచ్చగా ఉంటాది. ఆ మాట అననేను. అంటే సల్లబడిపోతాది కదా. అందుకే ముగ్గురినీ ఎల్లగొట్టినాను, ఎనిమిది రోజుల వంక, హెల్మెట్టు వంక. ఏడాదై ఆమెని అలగే కూకోబెట్టీసినాను నా సొంతానికి. ఒంట్లో బాగున్న మనిషినైనా అంతసేపు కూకోబెట్టరు డ్యూటీలో. పాపం కాదా? ఆమె లేవాలనుకున్నది నాకు కూడెట్టడానికే. నేను ఏడాదై మజ్జాన్నం కూడు తిననేదు, తిననేకపోతన్నాను.

మర నీకిచ్చీసినాను. ధర మీ అమ్మా నువ్వూ అనుకుని సెప్పండి, దానికేటి తొందర. రేపు మజ్జాన్నం రా. సైరను కూసినాక నేను లోపలికెల్లి రెండు కంచాలెట్టుకుని కూకుంటాను. నువ్వు ఆ బల్ల ఎదర నిలబడు. బెల్టు కొత్తది, ఎడం రాయి అరిగింది, ఆఖరి డబ్బా మాస్టారిది, అంతే, ఇంకే పెండింగూ నేదు. అది సెప్పి, మీ తాత నాకు సెప్పిన మాటే సెప్పు. మామ్మా నువ్వు దిగు, నేనెక్కినాను అను. గట్టిగా అను, ఆమెకి ఎడం సెవి కొంచం తక్కువ.

బల్ల సల్లబడ్డాదో నేదో నువ్వు సూసుకో. నాకు మాత్రం సెప్పకు. నేను లోపల కూడు తింటా ఉంటాను.

ఎందుకేడుస్తావు, పిచ్చి గుంటా? మొదటి బోణీకి ఏడవకూడదు. దా, ఇలగొచ్చి తలొంచు. నూరేళ్ళు బతుకు. నీ మర పొద్దూ మాపూ తిరగాల, నీ ఇంట్లో పొయ్యి ఆరకూడదు. నీ డ్యూటీ అయిపోయిన్నాడు, అమ్మా, నీ రిలీవరు టైముకి రావాల.